రాజుగారి నుదుటి మీద బొప్పి

ఒక చోటికి ఎన్ని కథలుండొచ్చంటారు? ఒక్కటేనా? గట్టిగా చెప్పండి, నాకు వినబడాలి. సరే. సరిగ్గా ఆ మాటే అన్న ఒక రాజుగారి నుదుటి మీద బొప్పి ఎలా కట్టిందో వినండి.

కొండలు కొన్నీ, తీర్పులు బోలెడూ ఉన్న ఒకానొక రాజ్యంలో చలిగవి అనే గుహ ఉండేది. కొండపైన ఒక ద్వారం, కొండకింద ఇంకో ద్వారం. అది అక్కమ్మ తల్లి తపస్సు చేసిన చోటని ఎగువూరివాళ్ళు. కాదు, మౌనయ్య తాత సమాధి అయిన చోటని దిగువూరివాళ్ళు. తాతలనాటి తగవు.

యాత్రికులకు దారి చూపేది సుంకులు. నోరున్న మనిషి. తల్లిది ఎగువూరు, తండ్రిది దిగువూరు. అందుకని సగం దారి దాకా అక్కమ్మ కథ చెప్పి, అక్కణ్ణించి మౌనయ్య కథ అందుకునేది. "ఇంతకీ ఈ గవి ఎవరిదమ్మా?" అని ఎవరైనా అడిగితే, "నేను మా అమ్మ కూతుర్నో మా నాన్న కూతుర్నో మీరు తేల్చండి, అప్పుడు చెప్తా" అనేది.

ఈ సంగతి గజకంఠ భూపతి చెవిన పడింది. ఆయన సుంకులుని సభకు పిలిపించాడు.

"ఒక గవికి రెండు కథలేమిటి, అసహ్యంగా! ఇవాళ్టి నుంచి అది అక్కమ్మది. లోపల మౌనయ్య పేరెత్తితే నాలుక కోయిస్తా. రేపు నేనే వచ్చి చూస్తాను. చూశాక కింది ద్వారం రాళ్ళతో మూయిస్తాను."

దిగువూరికి ఆ ద్వారమే గుడి. ముసలీ ముతకా పొద్దంతా అక్కడే కూర్చునేవాళ్ళు. సుంకులుకి కడుపు మండిపోయింది. అయినా చేతులు కట్టుకుని అడిగింది.

"అక్కమ్మ కథ తప్ప ఒక్క ముక్క కూడా మాట్లాడొద్దంటారా ప్రభూ?"

"ఒక్క ముక్క కూడా!"

"చిత్తం."

మర్నాడు ముందు దివిటీతో సుంకులు, వెనక రాజు, ఆ వెనక బొజ్జ ఈడ్చుకుంటూ మంత్రి. కిందికి దిగేకొద్దీ దారి సన్నబడింది. సగం దారి దాటగానే సుంకులు చటుక్కున వంగింది. ఏమీ అనలేదు.

ఠంగుమంది. కిరీటం ఎటో దొర్లిపోయింది. రాజు తూలి సుంకులు మీద పడేసరికి దివిటీ ఆరిపోయింది.

ఆ చోటి పేరు మౌనయ్య దండం. ఆ పేరు వినగానే యాత్రికులంతా నడుం వంచేవాళ్ళు.

"అబ్బా! కప్పు ఇంత కిందికుందని చెప్పవేం?"

"అక్కమ్మ తల్లి గాలి తిని తపస్సు చేసింది ప్రభూ" అంది సుంకులు చీకట్లోంచి.

రాజు తడుముకున్నాడు. ఎడమచేతికి ఒక సందు తగిలింది. కుడిచేతికి ఇంకోటి తగిలింది. ఒకసారి గిర్రున తిరిగేసరికి ఏది ఎడమో ఏది కుడో కూడా పోయింది.

"ఎటు పోవాలే?"

"అక్కమ్మ తల్లికి తెల్లచీరంటే ఇష్టం ప్రభూ."

"చీర కాదు, దారి!"

"ఆ చీర ఆమె చేత్తోనే నేసుకుంది ప్రభూ."

"మంత్రీ, వెనక్కి నడు!"

"ఇరుక్కున్నాను మహాప్రభో! వెనక అంటే ఎటో కూడా తెలియడం లేదు. ఇప్పుడు నేను పట్టుకున్నది తమ కాలేనా?"

"అది నా చెయ్యి! వదులు!" రాజు విదిలించుకున్నాడు. "సుంకులూ, ఆజ్ఞాపిస్తున్నాను. తెలిసింది చెప్పు!"

"అలా అడిగారు, బాగుంది. ఇక్కడికొచ్చాక యాత్రికులు ఆ తాతని పేరెట్టి కేకేస్తారు ప్రభూ. కింది ద్వారం దగ్గరున్నవాళ్ళు పలుకుతారు. గొంతు ఎటునుంచి వస్తే అటే దారి. నాకా, ఉన్నది ఒక్క నాలుక. మీరే పిలవండి."

రాజు గొణిగాడు. "మౌనయ్యా..."

"తాతకి చెవుడు ప్రభూ."

"మౌనయ్య తాతా!" అని గవి అదిరేలా అరిచాడు గజకంఠ భూపతి.

ఒక సందులోంచి ముసలమ్మ గొంతు పలికింది. "ఎవర్రా అది? మెల్లగా పిలవరా సచ్చినోడా! ఆ రాజుకి వినబడితే నాలుక కోయిస్తాడు! నా గొంతు పట్టుకుని ఇటొచ్చెయ్ నాయనా, భయపడకు!"

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వుతూనే ఆ గొంతు వెంట పాక్కుంటూ వెలుగులోకి వచ్చాడు.

"కావాలనే చేశావు కదూ?" అన్నాడు బొప్పి తడుముకుంటూ.

"తమ ఆజ్ఞ పాటించాను ప్రభూ. అది అంత గట్టిగా తగులుతుందని నాకేం తెలుసు?"

రాజు మళ్ళీ నవ్వి, తన చేతి కంకణం తీసి సుంకులుకిచ్చాడు. ఆజ్ఞ రద్దు చేశాడు. ద్వారం మూయడానికి తోలించిన రాళ్ళతో, అక్కడ కూర్చునే ముసలివాళ్ళకి అరుగు కట్టించాడు. మంత్రిని బయటికి లాగేసరికి మాత్రం మధ్యాహ్నమైంది.

ఇప్పుడు మీ వంతు. ఈసారి ఏ పుణ్యస్థలానికి వెళ్ళినా, దారి చూపేవాళ్ళు ఒక్క కథే చెప్పి ఊరుకుంటే మీరు ఊరుకోకండి. రెండోది అడగండి. గట్టిగా అడగండి. చెప్పబోమని మొండికేస్తే, తల వంచుకుని నడవండి. పైన రాయి ఉంటుంది.