గూటి పాట

కృష్ణ ఒడ్డున ఒక బౌద్ధ విహారం. అక్కడ పసిపిల్లలకు అక్షరాలు నేర్పే పని భద్రసేనుడనే యువభిక్షువుది. ఆ ఏడు వరదకు పడవవాళ్ళ పల్లె కొట్టుకుపోయింది. మిగిలిన పిల్లల్ని విహారానికే తెచ్చారు.

పసివాళ్ళ చదువుకు పెద్దలు ఏనాడో ఒక వరుస పెట్టారు. ఏ విహారంలో చూసినా అదే. పొద్దున్నే పిట్ట పాట, తరవాత ఇసుకలో అక్షరాలు, ఆపైన గంజి, నిద్ర. భద్రసేనుడికి ఊపిరాడేది కాదు. అతను కథలు అల్లగలడు, మట్టితో ఏనుగులు చెయ్యగలడు.

గురువు నందిసిరి థేరుడి దగ్గరకు వెళ్ళి, "భంతే, ఎవరో గీసిన గీత మీద నడవడానికి నేనెందుకు? చిలకైనా చాలు కదా," అన్నాడు.

"నీకు తోచినట్టు పాఠం చెప్పు," అన్నాడు గురువు.

మర్నాటి నుంచి ఏ రోజుకా రోజు కొత్తే. పాట మానేశాడు. ఒకరోజు మట్టి బొమ్మలు, ఒకరోజు గులకరాళ్ళతో అక్షరాలు. వరద తరవాత నవ్వని పిల్లలు కూడా నవ్వారు.

పొన్ని నవ్వలేదు. నాలుగేళ్ళ పిల్ల. తల్లి వరదలో పోయింది. దినమంతా భద్రసేనుడి అంగవస్త్రం కొస పట్టుకుని తిరిగేది.

"తరవాత ఏంటి?" అని అడిగేది.

"ముందే చెబితే వింతేముంది?" అనేవాడు భద్రసేనుడు.

కొన్నాళ్ళకు అడగడం మానేసింది. గుమ్మం దగ్గరే కూర్చునేది. గంజి ముట్టడం కూడా మానేసింది. చేతులు పుల్లల్లా అయ్యాయి. అప్పుడు భద్రసేనుడికి భయం పట్టుకుంది.

పెద్దల వరుసకే తిరిగి వచ్చాడు. అక్షరం పొల్లుపోకుండా పాడాడు.

*అమ్మ పిట్ట ఎగిరిపోయె*
*ఏటి గట్టున గింజ కోసం*
*పొద్దు వాలె, నీడ సాగె*
*గూటికమ్మ వచ్చెనమ్మా*

పొన్ని మెల్లగా లేచి వచ్చి పిల్లల్లో కూర్చుంది. మొదటి మూడు చరణాలకూ పెదవులు కదిలించింది. నాలుగోది రాగానే రెండు చెవులూ మూసుకుంది. రోజూ అంతే. పాట అవగానే అతను ఇసుక పరిచేవాడు. ఆ పిల్ల మళ్ళీ గుమ్మం దగ్గరికి పోయేది.

"వరుస తప్పలేదు భంతే," అన్నాడు గురువుతో. "అయినా పిల్ల బతికేలా లేదు."

మర్నాడు ముసలి గురువు వచ్చి పొన్ని పక్కన నేల మీద కూర్చున్నాడు. తనే పాట ఎత్తుకున్నాడు. అదే రాగం, అవే మాటలు. మూడో చరణం అయింది. పొన్ని చేతులు చెవుల మీదికి వెళ్ళాయి.

గురువు ఆగాడు. పిల్ల చేతులు దించేదాకా చూశాడు. అప్పుడు మెల్లగా పాడాడు.

*గూటికమ్మ రాకపాయె*

పొన్ని ఆయన నోటికేసి చూసింది.

"రాకపాయె," అంది.

ఆయన మళ్ళీ మొదటి నుంచీ పాడాడు. ఈసారి చివరి చరణం పొన్ని ఒక్కతే పాడింది. పాడుతూ పాడుతూ ఏడ్చింది. వరద వచ్చినప్పటి నుంచీ ఆ పిల్ల ఏడవగా ఎవరూ చూడలేదు. తక్కిన పిల్లలూ ఒక్కొక్కరే అందుకున్నారు. ఇసుక పరిచే వేళ దాటిపోయింది. గంజి చల్లారిపోయింది. ఆ చల్లారిన గంజే పొన్ని గురువు చేతి నుంచి రెండు గుక్కలు తాగి, ఆయన ఒళ్ళోనే నిద్రపోయింది.

భద్రసేనుడు వచ్చి గురువు పక్కన నేల మీద కూర్చున్నాడు.

"రేపు ఏ పాట పాడమంటారు భంతే?"

"ఇదే పాట," అన్నాడు గురువు. "పాడేటప్పుడు పిల్లల మొహాలు చూడు."