ముందుచక్రం పిన్ను

పాడేరు దగ్గర మస్తాన్ ఉస్తాద్ మెకానిక్ షాపులో నాలుగేళ్లుగా పని నేర్చుకుంటున్న నూకరత్నానిది చురుకైన చెయ్యి. కొండదారుల్లో తిరిగి బురద ముద్దయి వచ్చిన పాత మోటారుసైకిలును కడిగి, విప్పి, బిగించడానికి ఉస్తాద్‌కు ఒక పూట పడితే ఆమెకు రెండు గంటలు చాలు. ఆ మాట నలుగురూ అంటుంటే ఆమెకు వినబుద్ధయ్యేది.

ఆ ఉదయం, కొండ మీది గూడేలకు మందులు మోసే బాలన్న ఆమె బిగించి ఇచ్చిన తన బండి తీసుకుని వెళ్లిపోయాక, సామాన్లు కడిగే కిరసనాయిలు పళ్లెం అడుగున ఆమెకు ఒక పిన్ను కనపడింది. ముందుచక్రం నట్టు ఊడిపోకుండా అడ్డంగా గుచ్చే పిన్ను. బాలన్న బండిదే.

ఫోను చేసింది. కొండెక్కితే సిగ్నలుండదు.

తర్వాత మాటవరసకు అడిగినట్టు, "ఉస్తాద్, నట్టు గట్టిగా బిగిస్తే పిన్ను లేకపోయినా పరవాలేదు కదా?" అంది.

ఉస్తాద్ ఆమె ముఖం చూశాడు. పళ్లెం చూశాడు. చేతులు తుడుచుకుని షట్టరు దించేశాడు.

షాపులో ఉన్న బళ్లన్నీ విప్పి పడున్నాయి. ఇద్దరూ నడిచారు. నాలుగు మైళ్ల ఎక్కుడు, పిక్కల దాకా ఎర్రబురద. ఆయనకు అరవై దాటాయి. దారంతా ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండునని ఆమెకనిపించింది.

గూడెంలో బడి ముందు బండి ఆగి ఉంది. లోపల బాలన్న మందులు పంచుతున్నాడు. అక్కణ్ణుంచి దారి లోయ అంచునే కిందికి దిగుతుంది.

రత్నం పరుగున వెళ్లి నట్టు పట్టి చూసింది. కదల్లేదు. తను బిగించింది బిగించినట్టే ఉంది. ప్రాణం లేచొచ్చింది. గుమ్మం వైపు ఒకసారి చూసి, వెంట తెచ్చిన పిన్ను గబగబా బయటికి తీసింది.

ఉస్తాద్ వంగి నట్టు మీద అరచెయ్యి కప్పాడు. తియ్యలేదు.

ఆమె పిన్ను పట్టుకుని లోపలికి వెళ్లింది.

"అన్నా, ఇది పెట్టకుండానే నీకు బండి ఇచ్చేశాను. ముందుచక్రానిది. తొందరలో చూసుకోలేదు."

బాలన్న బయటికొచ్చాడు. చక్రం చూశాడు. కిందికి దిగే దారి చూశాడు. తర్వాత వాళ్ల బురద కాళ్ల మీదికి పోయింది అతని చూపు.

"ఈ మాట చెప్పడానికి ఇంత దూరం నడిచొచ్చారా, చెల్లెమ్మా?"

ఆమె తలూపింది.

ఉస్తాద్ చెయ్యి తీశాడు.

"ఇప్పుడు పెట్టమ్మా, నిలుస్తుంది."