గిజిగాడి సగం గూట్లో మట్టి ముద్ద

ఒకప్పుడు రెల్లు మడుగు మీదికి వంగిన తుమ్మచెట్ల నిండా గిజిగాళ్ళ గూళ్ళుండేవి. ఒక్క గూడైనా సగంలో ఆగిపోయి వేలాడేది కాదు. పైన కొమ్మని పట్టుకున్న పిడి, మధ్యలో గుండ్రటి పొట్ట, కిందికి దిగే పొడుగాటి గొట్టం, లోపల మట్టి ముద్దలు, అన్నీ అమరిన గూళ్ళే. ఇప్పుడు మీరు వెళ్ళి చూడండి. నిండు గూడు ఒకటుంటే సగం గూళ్ళు నాలుగుంటాయి. ఎందుకలా అయిందో చెబుతాను. నవ్వుకునే కథ మాత్రం కాదర్రా, ముందే చెబుతున్నా.

ఆ మడుగులో ఒక తాబేలు ఉండేవాడు. ఎన్నేళ్ళవాడో ఆయనకే తెలీదు. అందరూ తాబేలు తాత అనేవాళ్ళు.

మొదట్లో గిజిగాళ్ళందరూ అన్ని పనులూ ఒకే తీరున చేసేవాళ్ళు. పొద్దున్నే ఎగిరి గంతేసేవాణ్ణి సాయంత్రం దాకా ఒకేచోట కూర్చోబెట్టేవాళ్ళు. నెమ్మదిగా ఒళ్ళు వేడెక్కేదాన్ని తెల్లారీ తెల్లారకముందే తరిమేవాళ్ళు. ఎవరికీ పని సాగేది కాదు. రోజూ తగువులే, ఒకటే గోల! ఆ గోలకి తాతకి నిద్ర కరువైంది.

"ఒరేయ్, ఎవడి ఒంట్లో ఊపు ఎప్పుడొస్తుందో, ఎప్పుడు దిగిపోతుందో చూసుకుని పని పంచుకోండిరా! అందరూ ఒకే అచ్చున పుట్టారా ఏంటి?" అని నీళ్ళలోంచి తలెత్తి కసురుకున్నాడు.

అలా చూసి చెప్పే పని కూడా చివరికి తాత నెత్తినే పడింది. రెక్కలు ముదిరిన ప్రతి పిల్లనీ ఆయన దగ్గరికి తీసుకొచ్చేవాళ్ళు. తాత దాని ముందు ఒక పచ్చి రెల్లాకు పడేసి, ఒక్క మాటైనా చెప్పకుండా, ఎండ నడినెత్తికి ఎక్కేదాకా చూస్తూ కూర్చునేవాడు.

ఆకు కనబడగానే దాన్ని చీల్చి చెండాడితే నిప్పు గుణం. వాళ్ళని కాకుల్ని తరమడానికి పెట్టేవాళ్ళు. ఎవరైనా చెప్పేదాకా కదలకుండా కూర్చుంటే నీటి గుణం, అలాంటివాళ్ళు పిల్లల దగ్గర కాపలా. గబగబా ఒక ముడి వేసి, అంతలోనే ఇంకో ఆకు కోసం తుర్రుమంటే గాలి గుణం. గూడు మొదలుపెట్టేది వాళ్ళే. ఆలస్యంగా ముట్టుకున్నా, ముట్టుకున్న ఆకు అయిపోయేదాకా వదలకపోతే మట్టి గుణం. గాలివాళ్ళు మొదలుపెట్టిన గూటిని వాళ్ళు ముగించాలి.

గాలివాళ్ళ నెత్తిన తాత తుమ్మపూల పుప్పొడి పచ్చగా రాసేవాడు. మట్టివాళ్ళకి ఏ గుర్తూ పెట్టేవాడు కాదు. వాళ్ళ ముక్కుకి ఎప్పుడూ బురద అంటుకునే ఉండేది కదా, అదే గుర్తు.

నిజం చెప్పాలంటే ఆ పద్ధతి చాలాకాలం బాగానే సాగింది. తగువులు పోయాయి. గూళ్ళు త్వరగా లేచాయి. తాతకీ నిద్ర పట్టింది.

ఆ మడుగు దగ్గరే ఈనెయ్య అనే గిజిగాడు ఉండేవాడు. చిన్నప్పుడు తాత ముందు ఒక్క పూటలో ఏడు ఆకులు తెచ్చి ఏడు ముడులు వేసి, ఒక్కటీ అల్లకుండా వదిలేశాడు. తాత పడీపడీ నవ్వి, "గాలంటే నువ్వేరా!" అని నెత్తి నిండా పుప్పొడి పూశాడు. ఆ మాట ఈనెయ్య గుండెల్లో దాచుకున్నాడు. అది అతనికి పేరుకన్నా ముద్దయిపోయింది.

పనిమంతుడే, కాదనకూడదు. ఊగే కొమ్మ చివర తలకిందులుగా వేలాడి తొలిముడి వేయాలంటే అతని తర్వాతే ఎవరైనా. అందరూ అతన్నే పిలిచేవాళ్ళు. ఎవరు పిలిచినా రెక్కలు టపటపలాడించుకుంటూ పోయేవాడు.

అతని పెళ్ళాం నారమ్మది మట్టి గుణం. మాట తక్కువ. అతను పిడి చుట్టి, పైకప్పు సగం అల్లి ఎగిరిపోతే, ఆమె పొట్ట అల్లి, గొట్టం దించి, చివర్న మడుగు ఒడ్డు నుంచి ముక్కున తడిమట్టి తెచ్చి గూటి లోపల అద్దేది. బరువుంటే గూడు గాలికి తిరగబడదని.

"ఇల్లు కడుతున్నావా, కుండ చేస్తున్నావా?" అని ఈనెయ్య ఏడిపించేవాడు.

"నీ గాలికి తట్టుకోవాలిగా మరి," అనేది నారమ్మ. ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. బాగానే ఉండేవాళ్ళర్రా పాపం, ఆ ఏడు దాకా.

ఆ ఏడు వానలు పది రోజులు ముందే దిగాయి. నారమ్మ పొట్ట అల్లడం పూర్తిచేసిందో లేదో నొప్పులు మొదలయ్యాయి. గొట్టం లేదు. మట్టి అద్దలేదు. మూడు తెల్లటి గుడ్లు పెట్టి, వాటి మీద కూర్చుండిపోయింది. ఇక లేవడానికి లేదు.

"ఏమయ్యా," అంది ఆమె మొదటి రోజు. "గొట్టం లేకపోయినా పర్లేదు. నాలుగు ముద్దలు మట్టి తెచ్చి లోపల పెట్టు. గూడు మరీ తేలిగ్గా ఉంది."

ఈనెయ్య వింతగా చూశాడు. "మట్టి పని నీది కదే."

"నాదే. నేను లేస్తే గుడ్లు చల్లబడిపోతాయి."

"మొదలుపెట్టేదే నాకు చేతనవుతుంది నారమ్మా. మధ్యాహ్నానికి నా ఊపు దిగిపోతుందని తాతే చెప్పాడుగా. కావాలంటే రేప్పొద్దున్నే నీకు ఇంకో గూడు మొదలుపెట్టి పెడతా!"

ఎగతాళికి అనలేదర్రా, మనస్ఫూర్తిగానే అన్నాడు. నారమ్మ అతని పచ్చటి నెత్తి వైపు చూసి, గుడ్లని పొట్ట కిందికి జరుపుకుంది.

రెండోరోజు మళ్ళీ అడిగింది. ఈసారి ఈనెయ్యకి కొంచెం సిగ్గేసింది. మడుగు ఒడ్డుకి వెళ్ళాడు. ముక్కుతో మట్టి పెకలించాడు. చల్లగా, జిగటగా ముక్కుకి పట్టుకుంది. ఛీ, నారమ్మ దీన్ని రోజూ ఎలా మోసిందో అనుకున్నాడు. అయినా ఎగరబోయాడు.

సరిగ్గా అప్పుడే అవతలి చెట్టు మీంచి కుర్ర గిజిగాడు కేక పెట్టాడు. "ఈనన్నా! నా కొమ్మ మీద తొలిముడి నిలవడం లేదు. నువ్వు తప్ప ఇంకెవరివల్లా కాదన్నా!"

ఆ మాట వినగానే ఈనెయ్య ఒళ్ళంతా తేలికైపోయింది. మట్టి తుప్పున ఉమ్మేశాడు. ఒక్క ఉదుటున అవతలి చెట్టు మీద వాలాడు. అక్కడ తొలిముడి వేశాడు, పక్కవాడి కొమ్మకీ వేశాడు, ఆ పక్కవాడికీ వేశాడు. అందరూ ఆహా ఓహో అన్నారు. మధ్యాహ్నానికి ఊపు దిగిపోయి ఒక రెమ్మ మీద కునుకు తీశాడు.

మూడోరోజు పొద్దున పడమటి దిక్కు నల్లబడింది. రెల్లు అంతా ఒకే పక్కకి వాలిపోయింది.

"ఏమయ్యా, గూడు తిరుగుతోంది," అంది నారమ్మ. "గుడ్లు పక్కకి దొర్లిపోతున్నాయి. రెక్కలు చాపి అడ్డం పెడుతున్నా. ఎంతసేపు పెట్టగలను? పుణ్యముంటుంది, మట్టి తీసుకురావయ్యా!"

ఈనెయ్య ఎగిరాడు. మట్టి దగ్గరికి పోయుంటే ఈ కథే ఉండేది కాదు. కానీ తాత దగ్గరికి పోయాడు.

"తాతా, తాతా! ఒక మట్టివాణ్ణి పంపించు. మా గూటికి మట్టి అద్దాలి."

"మట్టివాళ్ళు ఎక్కడున్నార్రా? వానలు ముందే వచ్చి అందరూ గుడ్ల మీద కూర్చున్నారు," అన్నాడు తాత. "నువ్వేం చేస్తున్నావు?"

"నాది గాలి గుణం కదా తాతా. నువ్వే కదా చెప్పావు."

తాత మొహం మాడిపోయింది. "నీకు ఏది తేలికో చెప్పానురా వెధవా," అన్నాడు. "ఏది చేయక్కర్లేదో చెప్పానా? పో! ముక్కు నిండా మట్టి పట్టుకుపో!"

ఈనెయ్య ఒడ్డున వాలి, ముక్కుతో పెద్ద మట్టి ముద్ద పెకలించాడు. గాలికి ఎదురెగిరాడు. పది అడుగులు ముందుకెళ్తే గాలి ఆరడుగులు వెనక్కి నెట్టింది. మట్టి నీళ్ళు కారి గొంతులోకి పోతున్నాయి. ఉమ్మేయలేదు. చెట్టు దగ్గరపడింది. ఇదిగో కొమ్మ, ఇదిగో తను వేసిన పిడి.

పిడి గట్టిగానే ఉంది. అతను వేసిన ముడి ఎప్పుడూ ఊడదు. ఆ పిడి పట్టుకునే గూడు గిర్రున తిరిగింది. ఒకసారి, రెండుసార్లు. మూడోసారి ఎండు సొరబుర్రలా ఎగిరి తలకిందులైంది.

టప్.

ఈనెయ్య "నారమ్మా" అని అరవబోయాడు. నోటి నిండా మట్టి.

టప్. టప్.

మూడు చిన్న చప్పుళ్ళు. ఆ గాలిలో ఇంకెవరికీ వినబడలేదు. మడుగు మీద మూడు వలయాలు లేచి, వాన చినుకుల్లో కలిసిపోయాయి.

నారమ్మ గూటి అంచుని కాళ్ళతో పట్టుకుని వేలాడుతోంది. రెక్కలు ఇంకా చాపే ఉన్నాయి. వాటి కింద కాచుకోవడానికి ఇంకేమీ లేదు. ఆమె ఈనెయ్యని చూసింది, అతని ముక్కున మట్టి చూసింది.

"తెచ్చావా," అంది. అంతే.

గాలి తగ్గాక ఆమె మడుగు దాటి అవతలి ఒడ్డుకి వెళ్ళిపోయింది. ఈనెయ్య ఆ ముద్దని ఖాళీ గూట్లో పెట్టాడు. ఎక్కడ పెట్టాలో కూడా అతనికి తెలీదు. అటూ ఇటూ అద్ది చూశాడు. అప్పుడు ఏడుపొచ్చింది. ఎంతసేపు ఏడ్చాడో చెప్పలేను.

కొన్నాళ్ళకి అదే చెట్టుకి ఇంకో గూడు మొదలుపెట్టాడు. పిడి చుట్టాడు, పైకప్పు అల్లాడు. సగం కాగానే ఒడ్డుకి పోయి మట్టి తెచ్చి లోపల అద్దాడు. అంతకుముందు ఎవరూ సగం గూట్లో మట్టి అద్దింది లేదు. తర్వాత గూడు కింద వేలాడి, రెక్కలు టపటపలాడిస్తూ, అవతలి ఒడ్డు వైపు తిరిగి గొంతు చించుకున్నాడు.

"నారమ్మా! వచ్చి చూడవే! మట్టి పెట్టాను! మిగతాది కూడా నేనే అల్లుతాను, ఒట్టు!"

నారమ్మ వచ్చింది. ఒక్కొక్క నారా ముక్కుతో పట్టి లాగి చూసింది. లోపలికి తొంగి చూసింది. మట్టి ముద్దని మెల్లగా పొడిచి చూసింది.

"మొదలు బాగుంది," అందామె. "నీ మొదలు ఎప్పుడూ బాగానే ఉంటుంది."

ఎగిరిపోయింది. మళ్ళీ రాలేదు.

అవతలి ఒడ్డున ఆడపిట్టలన్నీ ఆమె చుట్టూ చేరాయి. ఆమె వాళ్ళకి ఒక్కటే చెప్పింది. "నెత్తిన పసుపు చూసి నమ్మకండమ్మా. సగం కట్టనిచ్చి, వెళ్ళి లాగి చూడండి. మిగతా సగం ఎవరో కాదు, వాడే కట్టాలి. ఆ నమ్మకం కుదిరితేనే లోపల అడుగుపెట్టండి. లేదా వచ్చేయండి."

ఈనెయ్య ఆ గూటిని అలాగే వదిలేశాడు. ఎవరి కోసం ముగించాలి? పక్క కొమ్మకి ఇంకోటి మొదలుపెట్టాడు. సగం అల్లి, మట్టి పెట్టి, పిలిచాడు. తర్వాత ఇంకోటి. తాబేలు తాత ఆ తర్వాత ఎవరి గుణమూ చెప్పలేదు. ఏ పిల్లనైనా తీసుకొచ్చి ఆకు వేయమని అడిగితే, తల లోపలికి లాగేసుకుని గంటలకొద్దీ బయటికి తీసేవాడు కాదు.

అప్పటినుంచే గూడు అల్లే పనంతా మగ గిజిగాడి నెత్తిన పడింది. మొదలూ అతనే, ముగింపూ అతనే. సగం అల్లగానే రెక్కలాడిస్తూ పిలుస్తాడు. ఆడపిట్ట వచ్చి నార నారా లాగి చూస్తుంది. నమ్మకం కుదిరితే ఉండిపోతుంది. కుదరకపోతే వెళ్ళిపోతుంది, ఆ సగం గూడు అలాగే గాలికి ఊగుతూ ఉండిపోతుంది.

అలాంటి గూడు ఎప్పుడైనా రాలి మీ కాళ్ళ దగ్గర పడితే, లోపలికి చూడండి. గుడ్డు పెంకుండదు, ఈకుండదు. ఒక మూల ఎండిపోయిన మట్టి ముద్ద ఉంటుంది. అది ఎవరూ అడక్కముందే తెచ్చి పెట్టిన మట్టి.