చెవిలో దూది

కర్నూలు పాతబస్తీలో దాదాపీరుది అత్తరు కొట్టు. పేరుకే కొట్టు, ఉన్నదల్లా ఓ అరుగూ, ఓ గాజు బీరువా. వాళ్ల నాన్న కూర్చున్న చోటే అతనూ కూర్చునేవాడు.

ఎదురుగా మూడంతస్తుల సెంట్ల దుకాణం వెలిసింది. అద్దాలూ దీపాలూ చాలవన్నట్టు గుమ్మం మీద ఓ మర పెట్టారు. అది పొద్దస్తమానం సెంటు చిమ్ముతూనే ఉండేది. వీధి వీధంతా వాళ్ల వాసనే. అరుగు ముందు ఆగి "ఏం దాదా, బాగుండావా?" అని చెయ్యి చాపేవాళ్లంతా ఇప్పుడు తల తిప్పకుండా ఆ గుమ్మంలోకి వెళ్లిపోతున్నారు. బేరం సంగతి అటుంచి, ఆ పిలుపు కోసం దాదాపీరు ప్రాణం కొట్టుకుపోయేది.

పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు అతనూ ఓ ఫ్యాను కొని, దాని ముందు అత్తరు చల్లడం మొదలుపెట్టాడు. అంతా బూడిదలో పోసిన పన్నీరే అయింది. సీసాలన్నీ ఖాళీ అయి, చివరికి నాన్న బట్టీ పెట్టి తన చేత్తో తీసిన గులాబీ అత్తరు చిటికెన వేలంత సీసాలో మిగిలింది.

అది పట్టుకుని గురువు నూరుల్లా షా దగ్గరికి వెళ్లాడు. దర్గాలో ఊదు పొగ వేసే వేళ. పొగలో మనిషికి మనిషి కనబడడం లేదు.

"బాబా, ఇదొక్కటే మిగిలింది. రేపు దీన్ని కూడా చల్లేస్తా. అప్పటికీ ఎవరూ రాకుంటే కొట్టు మూసేస్తా."

"రేపటిదాకా ఎందుకు బేటా? ఈడనే చల్లు, చూద్దాం."

దాదాపీరు గుండె రాయి చేసుకుని చాప మీద నాలుగు చుక్కలు చల్లాడు. ఊదు వాసన తప్ప ఇంకేమీ లేదు. పక్కన కూర్చున్నవాళ్లు కూడా ఇటు తిరగలేదు.

బాబా దిండు చిరుగులోంచి కాస్త దూది లాగి, సీసా మూతికి అద్ది, దాదాపీరు చెవి మడతలో పెట్టాడు.

"ఆ మూల ఇమాంసాబు ఉండాడు. పోయి అలాయ్‌బలాయ్ తీసుకుని రా."

టైలరు ఇమాంసాబు నాన్నకు ప్రాణస్నేహితుడు. ఎదుటి దుకాణంలో మొదట అడుగుపెట్టిందీ ఆయనే. ఆనాటి నుంచి ఆయనకూ దాదాపీరుకూ మాటల్లేవు. బాబా మాట కాదనలేక వెళ్లాడు.

ముసలాయన మొహమాటంగానే లేచి చేతులు చాపాడు. ఆ భుజం, ఈ భుజం కలిశాయి. ఇక వదలాల్సిన చేతులు వదల్లేదు. ఆయన ముక్కు దాదాపీరు చెవి దగ్గరే ఆగిపోయింది.

"మీ నాయన వచ్చినట్టుందిరా," అన్నాడు. "నాకూ కొంచెం పెట్టు. ఇట్లాంటిది మళ్లీ తీస్తావా?"

"తీస్తా చాచా."

దాదాపీరు దూదిని సగం తుంచి ఆయన చెవిలో పెట్టాడు. నాన్న పోయిన రోజున రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

కళ్లు తుడుచుకుంటూ వెనక్కి వచ్చి, "మరి ఆ దుకాణంతో ఎట్లా, బాబా?" అన్నాడు.

బాబా నిప్పుల మీద ఇంత ఊదు చల్లాడు.

"వీధిని వాళ్లకు వదిలెయ్ బేటా. నీకు మూరెడు దూరం చాలు."