అడవికోడి రెండో రెక్క

కోడి తన రెండో రెక్కని కూడా నిప్పు వైపు తిప్పింది చూడండి, సరిగ్గా అప్పుడే నా గుండెలో మొదటిసారి గుబులు పుట్టింది.

మొదటి రెక్క తిప్పినప్పుడు ఏమీ అనిపించలేదు. చలికి ఎవరైనా అదే చేస్తారు. నేను కూడా ఒక పక్క కాచుకుని రెండో పక్క తిప్పుకునే కూర్చున్నాను. కానీ ఇది తిప్పిన తీరు వేరు. ఈకకి ఈక విడదీసి, రెక్కని విసనకర్రలా చాపి, కొసల దాకా వేడి తగిలేట్టు పట్టింది. చలి కాచుకునేవాళ్లు అలా కాచుకోరు. బట్టలు ఆరేసేవాళ్లు అలా ఆరేస్తారు.

ఉండండి, కంగారులో మధ్యలోంచి మొదలెట్టేశాను. నేనెవరో కూడా చెప్పలేదు.

నా పేరు చుక్కి. నుదుటి మీద తెల్ల మచ్చ ఉందని ఆ పేరు. మన్యంలో కాఫీ తోటల పక్కనున్న చిన్న ఊళ్లో ఊరకుక్కని. వయసు ఏడాదిన్నర. ఈ ఏడు చలి మామూలు చలి కాదు. తొట్టిలో నీళ్ల మీద మంచు పెచ్చు కడుతోంది. గడ్డి మీద కాలు వేస్తే అప్పడం విరిగినట్టు చప్పుడవుతోంది. జనం పొద్దెక్కేదాకా తలుపులు తియ్యడం లేదు. తలుపు తియ్యకపోతే ఎంగిలాకు బయట పడదు. ఎంగిలాకు పడకపోతే మా సంగతి ఏమిటో మీకు చెప్పక్కర్లేదు.

మా గుంపుకి పెద్ద కరియన్న. ముసలి నల్లకుక్క. నేను పెదనాన్నా అంటాను. రెండోవాడు బొద్దోడు, తిండి మాట తప్ప ఇంకో మాట ఎరగడు. రాత్రిళ్లు వీళ్లు కాఫీ గిడ్డంగి వెనక మూలలో ఒకళ్ల మీద ఒకళ్లు పడి పడుకుంటారు. ఈ చలిలో ఆ మూల దొరికినవాడు తెల్లారి లేస్తాడు, దొరకనివాడు కట్టెలా బిగుసుకుపోతాడు. నేను కొత్తగా వచ్చినదాన్ని. కరియన్న ముందే తేల్చి చెప్పేశాడు.

"చూడు చుక్కీ, మూల ఇరుకు. వేటలో పనికొస్తావనిపిస్తే అందులో నీకూ చోటుంటుంది. లేకపోతే నీ దారి నువ్వు చూసుకోవాలి. ఏమనుకోకు."

"ఏమనుకోను పెదనాన్నా," అన్నాను. చాలా అనుకున్నాను.

వేట ఆలోచన మాది కాదు, గుంటయ్యది. గుంటయ్య అంటే కొండ మీది గుంటనక్క. ఊళ్లో అందరికీ వరస కలుపుతాడు కాబట్టి మేమూ మామా అంటాం. చలికి తోక కాళ్ల మధ్య పెట్టుకుని వచ్చాడు గానీ మాట మాత్రం జమీందారు మాట.

"ఏటి కరియన్నా, ఎంగిలాకుల కోసం ఎన్నాళ్లు చూస్తావు? తోట చివర అడవికోళ్లున్నాయి. బలిసున్నాయి."

"ఉంటే ఏం లాభం? ఎగిరిపోతాయి."

"అదే మరి తెలివంటే. రాత్రంతా మంచులో తడిసిన కోడికి రెక్కలు తడి గుడ్డల్లా వేలాడతాయి. ఎండెక్కి ఆరేదాకా ఎగరలేదు. ఆలోపు పట్టాలి. ఆరిందంటే మీ తాత దిగొచ్చినా అందదు."

బొద్దోడు అడిగాడు, "అంత సులువైతే నువ్వే పట్టుకు తినొచ్చుగా మామా?"

"మంచులో నా ముక్కు పనిచెయ్యట్లేదురా. తెలివి నాది, ముక్కులు మీవి. కలిసి వేటాడదాం, కలిసి తిందాం. స్నేహం అంటే అదే."

నక్కతో స్నేహం ఎటు పోతుందో మాకు తెలియక కాదు. ఆకలికి అన్నీ తెలుసు, ఆగడమే తెలియదు.

మర్నాడు వెలుగు రాకముందే బయల్దేరాం. ముందు నక్క, వెనక మేం ముగ్గురం. పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే నా ముందు నడుస్తున్న బొద్దోడి తోక కనిపిస్తోంది, బొద్దోడు కనబడటం లేదు. మంచు వాసనల్ని మింగేస్తుంది. బొద్దోడు ఒకే చెట్టు చుట్టూ మూడుసార్లు తిరిగి, "దొరికింది, దొరికింది," అన్నాడు. వాడికి దొరికింది వాడి వాసనే.

"నీ జాడ నువ్వే పట్టుకున్నావా నాయనా," అన్నాడు కరియన్న. "పోనీలే, ఎవరో ఒకరు దొరికారు."

నాకు మాత్రం నవ్వు రాలేదు. ఈ ఒక్క పొద్దు వేట దొరక్కుండా గడిచిపోతే నా మూల కూడా పోయినట్టే. ముక్కు నేలకి రాసుకుంటూ, కాఫీ మొక్కల కింద ఎండుటాకులు ఒక్కొక్కటీ వెతుక్కుంటూ పోయాను. ఒకచోట ఆకుల అడుగున వెచ్చటి వాసన తగిలింది. నేను మొరిగానో లేదో, ఆకులు ఎగిరిపడి ఒక అడవికోడి పైకి లేచింది. లేచి, రెండు బారలు కూడా పోకుండా దబ్బున పడింది. రెక్కలు నిజంగానే తడిసి ముద్దయి ఉన్నాయి. నలుగురం చుట్టూ చేరిపోయాం.

"చుక్కి పట్టింది," అన్నాడు కరియన్న. ఆ రెండు ముక్కలకే నాకు సగం చలి పోయింది.

బొద్దోడు నోరు తెరిచాడు. గుంటయ్య అడ్డం వచ్చాడు.

"ఆగరా, ఆశ లావు పీక సన్నం. పచ్చిది తింటావా? వ్యూ పాయింట్ దగ్గర టూరిస్టులు పారేసిన బొంగులన్నీ నాకిన నాలుక ఇది. బొంగులో చికెన్ రుచి తెలిశాక పచ్చి మాంసం గడ్డితో సమానం. అదిగో, తోట కాపలావాళ్లు రాత్రి చలిమంట వేసుకుని వెళ్లిపోయారు. గుంటలో నిప్పులింకా ఉన్నాయి. కాల్చుకు తిందాం."

కరియన్నకి ముందు పళ్లు మూడే మిగిలాయి. కాల్చిన మాంసం అనగానే ఆయన చెవులు లేచాయి. "మెత్తగా ఉంటుందంటావా?"

"వెన్న అనుకో."

అలా కోడిని నిప్పుల గుంట దగ్గరికి నడిపించుకొచ్చాం. గుంటయ్య దాని పొట్టి తోక మీద కాలు వేసి నొక్కిపట్టాడు. ఇంతలో నేను కూడా ఆ వేడి పక్కన కూర్చున్నాను. అంత హాయి ఆ చలికాలంలో నాకు అదే మొదలు.

కోడి ఏడవలేదు, బతిమాలలేదు. చుట్టూ ఒకసారి చూసి, గుంటయ్యతో ఇంటి మనిషిలా మాట్లాడింది.

"తినండి మరిదీ, దొరికాక తప్పుతుందా. కానీ నాకో అనుమానం."

"ఏమిటొదినా అనుమానం?"

"రాత్రంతా మంచులో నానాను. నా ఈకల్లో చెంబుడు నీళ్లున్నాయి. నన్నిలాగే ఎత్తి ఆ గుప్పెడు నిప్పు మీద పడేస్తే, చుయ్ మని ఆరిపోతుంది. నేను కాలను, మీరు చలి కాచుకోలేరు. ఇంత చలిలో మళ్లీ నిప్పు రాజెయ్యడం మీలో ఎవరికి వచ్చు?"

ఎవరికీ రాదు. కరియన్న వణుకుతూ నిప్పుకి ఇంకాస్త దగ్గరగా జరిగాడు. "అది నిజమే గుంటయ్యా. కూడు లేకపోతే ఒక పూట ఓర్చుకుంటాను. ఈ నిప్పు పోతే నేనూ పోతాను."

గుంటయ్యకి తనకి తట్టనిది ఇంకొకరికి తడితే నచ్చదు. "నాకు తెలీదా ఏటి? నేనదే చెప్పబోతున్నాను, ఇది మధ్యలో దూరింది. ముందు ఆరబెడదాం, ఆ తర్వాత కాలుద్దాం. ఊఁ వదినా, ఇటు తిరుగు."

"నువ్వెలా చెబితే అలాగే," అని కోడి మొదటి రెక్క తిప్పింది. తర్వాత రెండోది తిప్పింది. నా గుబులు అక్కడ మొదలైంది.

చిన్నదాన్ని కదా, మాట్లాడాలా వద్దా అని నాలుగుసార్లు నోరు తెరిచి మూశాను. ఐదోసారి మాట బయటికొచ్చింది.

"మామా, దాని రెక్కలు ఆరిపోతున్నాయి."

"ఆరాలనేగా పెట్టాం."

"ఆరితే ఎగిరిపోతుందని నువ్వే చెప్పావు కదా నిన్న."

బొద్దోడు మూతి నాక్కోవడం ఆపాడు. గుంటయ్య నావైపు తిరిగి పళ్లన్నీ బయటపెట్టి నవ్వాడు.

"పిల్లకాకికేం తెలుసు ఉండేలు దెబ్బ. ఏమే, దాని తోక ఎవరి కాలి కింద ఉంది?"

"నీ కాలి కింద."

"తోక వదిలేసి ఎగిరిన కోడిని ఎప్పుడైనా చూశావా?"

"లేదు."

"మరి నోరు మూసుకో. మొన్న పుట్టి, నాకు వేట నేర్పడానికి వచ్చింది."

బొద్దోడు పకపకా నవ్వాడు. కరియన్న నన్ను ఒకసారి చూసి మళ్లీ నిప్పు వైపు తిరిగాడు. నేను తల దించుకున్నాను.

తల దించుకోవడం వల్లే చూశాను. కోడి చలికి కదులుతున్నట్టు ముందుకీ వెనక్కీ ఊగుతోంది. ముందుకి ఊగినప్పుడల్లా తోక ఈకలు కొంచెం కొంచెం ఊడి వస్తున్నాయి. ఒక ఈక మొదలు అప్పటికే తెల్లగా బయటికి వచ్చేసింది. గుంటయ్య కాలి కింద ఉన్నది తోకే గానీ, ఆ తోకకి కోడి ఇంక ఎంతో సేపు అంటుకుని ఉండదు.

కోడి నేను చూడటం చూసింది. దాని కన్ను నా కన్నులో పడింది. మాట లేదు, సైగ లేదు. చిన్న గుండ్రటి కన్ను, అంతే.

ఒక్కసారి మొరిగితే చాలు. వేట నాది, పట్టింది నేను, మూల నాదైపోయేది. నేను మొరగలేదు. నోరు మూసుకోమన్నాడన్న కోపమా, ఆ కన్ను చూసి జాలా, లేక మళ్లీ నవ్వుతారన్న భయమా? ఏదని అడిగితే ఇప్పటికీ చెప్పలేను. మొరగలేదు, అంతే.

"మరిదీ," అంది కోడి, "ఒళ్లంతా ఆరింది గానీ నిప్పు మీద బూడిద కమ్మేసింది. ఇలాగైతే ఒక పక్కే కాలుతాను. నీకు బొంగులో చికెన్ రుచి తెలుసు, సగం ఉడికింది తింటావా? కాస్త ఊదు."

గుంటయ్య వంగి, బుగ్గలు పూరించి, కొలిమి తిత్తిలా ఊదాడు. అదే అదనుగా కోడి రెండు రెక్కలూ ఒక్కసారి కొట్టింది. గుంటలో బూడిదంతా లేచి నక్క మొహం నిండా పడింది. పటపటమని తోక ఈకలు ఊడిన చప్పుడు, వెంటనే బుర్రుమని రెక్కల చప్పుడు. బూడిద తగ్గాక చూసేసరికి కోడి సిల్వర్ ఓక్ చెట్టు పైకొమ్మ మీద ఉంది. కళ్లు మూసుకుని దాని వెనక దూకిన గుంటయ్య నిప్పుల్లో ఉన్నాడు. గెంతాడు, తన్నాడు, అరిచాడు. నిప్పులన్నీ తడి గడ్డిలో చెదిరిపడి ఒక్కొక్కటే చుయ్ మని ఆరిపోయాయి.

మాకు మిగిలింది ఆరు ఈకలు.

బొద్దోడు ఒక ఈక నోట్లో వేసుకుని నమిలి ఉమ్మేశాడు. "చేతికందింది నోటికందలేదు," అన్నాడు. వాడి జన్మలో మొదటిసారి దిగులుగా.

పైనుంచి కోడి అంది, "తోకదేముంది మరిదీ, ఎండాకాలానికి మళ్లీ వస్తుంది. రెక్కలు ఆరబెట్టినందుకు నీ మేలు మరిచిపోను. కరియన్న బావా, మీ గుంపులో కళ్లున్నది ఒక్కతే ఉంది. దాని మాట వినుంటే ఈపాటికి నేను ఉండేదాన్ని కాదు."

కరియన్న లేచి నిలబడ్డాడు. "నక్క తోక తొక్కితే అదృష్టం అంటారు గుంటయ్యా. నక్క తొక్కిన తోక సంగతేమిటో ఇవాళ తెలిసింది."

"అదికాదు కరియన్నా, ఇంకో రెండు నిమిషాలు ఆగుంటే..."

"ఆరితే ఎగురుతుందని నువ్వే చెప్పావు. నువ్వు చెప్పిన మాటే ఈ పిల్ల నీకు గుర్తు చేసింది. నీ మాట నువ్వే వినవు, ఇంక మా మాటేం వింటావు? నడువు."

గుంటయ్య కాలిన కాలు పైకెత్తుకుని, మూడు కాళ్ల మీద కుంటుతూ, బూడిద మొహంతో మంచులోకి పోయాడు. పోతూ కూడా తప్పంతా ఈకలదేనని ఎవరికో చెబుతూనే ఉన్నాడు.

తన తెలివి చప్పుడు తప్ప ఇంకేదీ వినపడనివాడికి, కాలి కింద ఉన్న కూడు కూడా దక్కదు.

కథైతే ఇక్కడికి అయిపోవాలి. నాకు అవలేదు.

పొగమంచు చీల్చుకుని ఎండ వచ్చింది. ముగ్గురం ఆ ఎండలో ఊరి వైపు నడిచాం. కడుపులు ఖాళీగా ఉన్నా, వీపు మీద వెచ్చగా ఉంటే ఎందుకో లోకం అంత చెడ్డదనిపించలేదు. గిడ్డంగి దగ్గరికి రాగానే కరియన్న మూలలో పక్కకి జరిగి నాకు చోటిచ్చాడు. "నువ్వు చెప్పావు, మేం వినలేదు. ఇకనుంచి వింటాం. ఈ మూల నీదే," అన్నాడు. నిజం చెప్పాలంటే ఇంత మంచి మాట నాతో ఇంతవరకు ఎవరూ అనలేదు.

కానీ నేను చెప్పింది రెక్క సంగతి. ఈక సంగతి దాచాను. అది ఆ కోడికి తెలుసు, నాకు తెలుసు, ఇప్పుడు మీకు తెలుసు.

రేపు పొద్దున మళ్లీ వేట. ఈసారి నక్క లేదు, ముందు నడవాల్సింది నేను. తోక లేని ఆ కోడి ఏ మొక్కల కింద పడుకుంటుందో నా ముక్కుకి తెలుసు. పొలంలో కోసి పేర్చిన రాగి పంట కుప్పల దగ్గర పందికొక్కులు ఉన్నాయని కూడా ఇవాళ వస్తుంటే వాసన తగిలింది. అటు తీసుకెళ్తే మా కడుపులూ నిండుతాయి, రైతులూ సంతోషిస్తారు. కోడిని వదిలి ఎందుకు అటు తిప్పానని కరియన్న అడిగితే మాత్రం మొత్తం చెప్పాలి. వింటానన్నాడు కదా, వింటాడేమో. విని, మూల ఖాళీ చెయ్యమంటాడేమో.

కుక్కలైతే నమ్మకం గురించి చెబుతాయి, కోళ్లైతే ప్రాణం గురించి చెబుతాయి. మీరు రెండూ కాదు కాబట్టి మిమ్మల్నే అడుగుతున్నాను. తెల్లారేలోపు చెప్పండి, నేనిప్పుడు ఏం చెయ్యాలి?