సబ్బు లేకుండా వచ్చిన గాజులు

డాక్టర్ హైమావతి, ఇరవై ఎనిమిదేళ్ళు. ఆఖరి కుట్టు వేయగానే గోడగడియారం చూడటం ఆమె అలవాటు. ఆ జిల్లా ఆస్పత్రిలో అపెండిక్స్ తీయడంలో ఆమె అంత చురుకైన చెయ్యి మరొకటి లేదు.

ఆమె చేత అలా అపెండిక్స్ తీయించుకున్న మూడు నెలలకి దమయంతి మళ్ళీ వచ్చింది. పొగాకు కంపెనీలో ఆకు ఏరే మనిషి, యాభై నాలుగేళ్ళు.

"తీసేశారు గదమ్మా. అది ఇంకా అక్కడే ఉంది. నేను కూర్చుంటే కూర్చుంటాది, లేస్తే లేస్తాది."

హైమావతి తనకి పని నేర్పిన సర్జన్ సుభాషిణి దగ్గరకి వెళ్ళింది.

"మూడు నెలల కిందట, ఒక రోజుగా నొప్పని వచ్చింది మేడమ్. వాచిన అపెండిక్స్ నేనే తీశాను. లేనిది నొప్పెలా పెడుతుంది? భ్రమ. మానసిక వైద్యుడికి రాస్తాను."

"రక్తం ఎంతుంది?"

"ఏడు. ఆపరేషన్ నాడూ తొమ్మిదే. ఆడవాళ్ళు కదా, అందరికీ తక్కువే."

"ఇది పుస్తకంలో చదివావా, మీ మామ్మ దగ్గర విన్నావా?"

సుభాషిణి వార్డుకి వచ్చింది. దమయంతి చేతిని పట్టుకుని నిలువుగా పైకెత్తింది. ఆరు మట్టిగాజులూ జారి, మోచెయ్యి దాటి, జబ్బ దగ్గర ఆగాయి. చెయ్యి కిందికి దించింది. ఎవరూ ముట్టుకోకుండానే ఒక్కొక్కటీ రాలి మంచం పక్కనున్న ట్రేలో పడ్డాయి.

హైమావతికి ఆ గాజులు తెలుసు. ఆపరేషన్ రోజు అవి రాక నర్సు సబ్బు రాసి లాగుతుంటే, ఇంకా ఎంతసేపని విసుక్కున్నది తనే.

"ఇవి ఆ గాజులేనా?" అడిగింది హైమావతి.

"గాజులు అవేనమ్మా. చెయ్యే నాది కాదు."

సుభాషిణి శిష్యురాలి వేళ్ళు తీసుకుని, కుట్ల మచ్చకి కాస్త పైన ఆనించి నొక్కింది. లోపల గట్టిగా ఏదో ఉంది. కదలడం లేదు. హైమావతి చెయ్యి వెనక్కి లాక్కోబోయింది. సుభాషిణి వదల్లేదు.

"అపెండిక్స్ వాచేలా దాని నోరు మూసిందేమిటో చూడలేదు. గడియారం మాత్రం చూశావు."

పెద్దపేగు మొదట్లో, అపెండిక్స్ మొలిచే చోటే, క్యాన్సర్ అని స్కానింగులో తేలింది. రెండో ఆపరేషన్ సుభాషిణి చేసింది. పక్కన హైమావతి గడియారానికి వీపు పెట్టి నిలబడింది.

ఆ వారమే ఆమె తన ఆపరేషన్ల రిజిస్టరు తీసి, తను అపెండిక్స్ తీసినవాళ్ళలో నలభై దాటిన పదకొండు మందికి, మళ్ళీ పరీక్షకి రమ్మని ఫోన్ చేసింది. పది మంది వచ్చారు. ఒకామె అప్పటికే పోయింది.