నీళ్ళ పాలూ తడి తామరలూ

అనగనగా ఏటిగట్టున ఒక అద్దకాల ఊరమ్మా. ఆ ఊళ్ళో వరహాలని ఒకావిడ ఉండేది. గుడ్డ మీద కుంచె పెట్టిందంటే పూలే పూలు! ఊఁ కొడుతున్నావా? కొట్టు మరి.

వరహాలుకి కనకమని ఒక్కగానొక్క చెల్లెలు. దానికి పెళ్ళి కుదిరింది. పెళ్ళికూతుర్ని చేసే రోజున చెల్లి తను పూలు వేసిన చీరే కట్టుకోవాలని వరహాలు ఆశ. కనకమేమో మూతి ముడిచింది.

"నీ పూలు గీత గీసి కోసినట్టుంటాయే అక్కా. బజార్లో ఒక చీర చూశాను. వానకి తడిసిన తామరల్లా, రంగు అంచుల్లో కరిగిపోయి ఎంత బావుందో! నాకదే కావాలి."

వరహాలు మనసు చివుక్కుమంది. అయినా, "కాస్త ఆగవే, నేనే వేసిస్తా" అంది.

ఆ ఊళ్ళో రంగు పాకకుండా గుడ్డని ముందు గేదెపాలల్లో నానబెట్టి ఆరేస్తారు. వరహాలు అలాగే ఆరేసి, రంగులో బోలెడు నీళ్ళు కలిపి పువ్వేసింది. రంగు వెలిసిపోయిందే గానీ అంచు మాత్రం కదల్లేదు, మొండిది.

ఆ తర్వాత అసలు పాలే పెట్టకుండా వేసింది. అమ్మో! రంగు గుడ్డంతా పాకి, పువ్వు కాస్తా ఒలికిన పులుసైపోయింది. వరహాలు ఆ ముక్క పట్టుకుని ఏడ్చేసింది, పాపం.

అప్పుడే పాల అప్పన్న గేదెని తోలుకుని వచ్చాడు. రోజూ వరహాలు దగ్గరుండి పాలు పిండించుకునేది. ఆ పూట ఏడుపులో పట్టించుకోలేదు. ఇదే సందని వాడు సగానికి సగం నీళ్ళు కలిపేశాడు. వరహాలు చూసుకోకుండా ఆ పాలల్లోనే ఇంకో ముక్క ముంచి, ఆరాక పువ్వేసింది. రంగు మెల్లగా అంచు దాటి, కాస్త పాకి, ఆగింది. అచ్చం తడి తామరే! గిన్నెలో మిగిలిన పాలు చూస్తే నీళ్ళలా పలచగా ఉన్నాయి.

మర్నాడు వాడికోసం గుమ్మంలో కాచుక్కూచుంది.

"నిన్నటిలాగే నీళ్ళు కలిపి పొయ్యి అప్పన్నా!"

"నా పాలల్లో నీళ్ళా? చుక్క కలిపితే ఒట్టమ్మా!"

చేసేదేముంది, వరహాలే ఆ పాలల్లో చెంబుతో నీళ్ళు కలుపుకుంది. చీరంతా తామరలు పూయించింది.

పెళ్ళికూతుర్ని చేసే రోజున కనకం తలంటి పోసుకుని, ఆ చీరే కట్టుకొచ్చి పీట మీద కూర్చుంది. పిన్ని గాభరాగా తువ్వాలు పట్టుకొచ్చింది.

"ఒళ్ళు తుడుచుకోకుండానే కట్టేశావేమే? చీరంతా తడి!"

"తడి కాదు పిన్నీ, మా అక్క పూలు" అంది కనకం, వరహాలుని పక్కకి లాక్కుని. వరహాలుకి కడుపు నిండిపోయిందనుకో.

కథేమో కంచికి, మనమేమో ఇంటికి,
పూలేమో చీరకి, నిద్దరేమో కంటికి.